కోబ్రా రెప్లికా: వెనుక కుడి టైరు రాసుకుంటోంది, మడ్‌గార్డు అంచు కోయవచ్చునా?

అంబత్తూరు కోబ్రా · శుక్రవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. పోయిన సంవత్సరం చివర్లో ఒక కోబ్రా 427 రెప్లికాను (1960ల నాటి స్పోర్ట్స్ కారుకు నకలు) రెండో యజమాని చేతి నుంచి కొన్నాను. నిచ్చెన ఆకారపు ఇనుప ఛాసిస్, దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ. వెనుక ఏదో పాత ఏడు సీట్ల బండి నుంచి తీసి పొడవు తగ్గించిన గట్టి యాక్సిల్ ఉంది. దానికి నాలుగు లింకులు, ఒక పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టి ఉంచే అడ్డ కడ్డీ), స్ప్రింగు చుట్టిన షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి. వెనుక రిమ్ములు 17 అంగుళాలవి, వెడల్పు 8 అంగుళాలు, ఆఫ్‌సెట్ 20, టైర్లు 245/45. ముందు టైర్లు 225/45.

నేను ఒక్కడినే నడుపుతున్నా సరే, స్పీడ్ బ్రేకరు మీదుగా వెళ్ళినప్పుడల్లా వెనుక కుడివైపు బర్రుమని శబ్దం వస్తోంది. ఇక్కడ చెన్నైలో కత్తిపారా కూడలిలో ఎడమకు చుట్టి దిగే లూపులోనూ అటువైపు నుంచే వస్తోంది. ఎడమ మలుపులో బరువు కుడి చక్రం మీద పడుతుంది కనుక ఆ చక్రం పైకి లేచి మడ్‌గార్డు అంచుకు తగులుతోందని నా ఊహ. టైరు బయటి గోడ మీద వేలెడు వెడల్పున రబ్బరు నున్నగా అరిగి మెరుస్తోంది, అంచు దగ్గర ఫైబరు పొడి రాలుతోంది. మా మెకానిక్ అంచును 15 మిల్లీమీటర్లు కోసేస్తే చాలంటున్నాడు. ఆదివారం గ్రైండరు పెట్టిద్దామనుకుంటున్నాను. కోసే ముందు పెద్దల మాట ఒకసారి విందామని ఇక్కడ రాస్తున్నాను.

నెల్లూరు చక్రం · శుక్రవారం, రాత్రి 10.15

మాది టైర్ల వ్యాపారం కనుక నా సలహా టైరు వైపు నుంచే వస్తుంది, ఏమీ అనుకోకండి. వెనుక కూడా 225/45 వేసి చూడండి. 8 అంగుళాల రిమ్ము మీద 245 టైరు అసలు వెడల్పు 243 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అదే రిమ్ము మీద 225 టైరు దాదాపు 230 ఉంటుంది. అంటే ఒక్కో పక్క ఆరున్నర మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. చక్రం మొత్తం ఎత్తు 652 నుంచి 634కు తగ్గుతుంది కనుక పైన మరో 9 మిల్లీమీటర్లు మిగులుతాయి. ఏ కోతా లేకుండా పని అయిపోతుంది.

అంబత్తూరు కోబ్రా · శుక్రవారం, రాత్రి 10.32

చక్రం గారూ, లెక్క బాగుంది గానీ ఈ కారుకు ఉన్న అందమంతా ఆ వెనుక తుంటి భాగంలోనే ఉంది. దాని కింద సన్నని టైరు వేస్తే పెద్దల చెప్పుల్లో కాళ్ళు పెట్టిన పిల్లవాడిలా కనిపిస్తుంది. అది చివరి మార్గంగా ఉంచుకుంటాను.

వేళచ్చేరి వేగం · శుక్రవారం, రాత్రి 11.05

రెండువైపులా రిమ్ము వెనుక 10 మిల్లీమీటర్ల స్పేసర్లు (మందపు బిళ్ళలు) వేయండి, స్ప్రింగు కింది రింగును బాగా పైకి తిప్పి కారును ఎత్తండి, చక్రాన్ని కొంచెం లోపలికి వాల్చి నెగెటివ్ క్యాంబరు ఇవ్వండి. విదేశీ వీడియోల్లో అందరూ ఇదే చేస్తున్నారు.

లేత్ మూర్తి · శనివారం, ఉదయం 6.20

వేగం గారూ, స్పేసరు చక్రాన్ని బయటికి నెడుతుంది. బయటి అంచుకు తగులుతున్న టైరును ఇంకా బయటికి నెట్టమంటున్నారు, ఒక్కసారి ఆలోచించండి. ఇక క్యాంబరు మాట. 1962లో అమెరికా రేసు డ్రైవరు కారల్ షెల్బీ ఇంగ్లండులోని ఏసీ కంపెనీ వారి చిన్న కారులో ఫోర్డ్ వీ8 ఇంజను పెట్టి కోబ్రాను తయారుచేసినప్పుడు వెనుక సస్పెన్షన్ అడ్డంగా పెట్టిన ఆకు స్ప్రింగు మీద ఉండేది, 1965లో 427 వచ్చేసరికి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. రెండింటిలోనూ వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదిలేవి. మీరు చూసిన వీడియోలు అటువంటి సస్పెన్షన్‌కు సంబంధించినవై ఉంటాయి. ఈ రెప్లికాలో ఉన్నది గట్టి యాక్సిల్. దానికి క్యాంబరు మార్చాలంటే యాక్సిల్ గొట్టాన్నే వంచాలి.

కోబ్రా నాయనా, ఆదివారం గ్రైండరు పట్టుకోవద్దు. ఫైబరు కోయడం ఐదు నిమిషాల పని, తిరిగి అతికించడం ఐదు రోజుల పని. ముందు ఏది దేనికి తగులుతోందో కళ్ళతో చూడాలి. టైరు బయటి గోడకు, లోపలి భుజానికి, రోడ్డును తాకే నడి పట్టీకి మూడు రంగుల సుద్దముక్కలు రుద్ది, స్పీడ్ బ్రేకరు మీద ఒకసారి, లూపులో ఒకసారి, విడివిడిగా నడిపి, ప్రతిసారీ దిగి ఏ రంగు చెరిగిందో చూడండి. రెండు శబ్దాలూ ఒకే చోటి నుంచి వస్తున్నాయని మీరు అనుకుంటున్నారు, అంతేగానీ ఇంకా చూడలేదు.

స్ప్రింగుల శాస్త్రి · శనివారం, ఉదయం 8.50

మూర్తి గారి అనుమానానికి ఒక లెక్క జోడిస్తాను. ఎడమ మలుపులో బాడీ కుడికి వాలుతుంది. గట్టి యాక్సిల్‌కు పాన్‌హార్డ్ రాడ్ ఉన్నప్పుడు బాడీ దాదాపు ఆ రాడ్ ఉన్న ఎత్తులోని బిందువు చుట్టూ తిరుగుతుంది. మీ మడ్‌గార్డు అంచు ఆ బిందువుకు సుమారు 350 మిల్లీమీటర్ల పైన ఉంటుందనుకుంటే, బాడీ 2 డిగ్రీలు వాలినప్పుడు కుడి అంచు కిందికి రావడంతోపాటు 12 మిల్లీమీటర్లు బయటికి కూడా జరుగుతుంది. అంటే ఎడమ మలుపులో కుడి టైరు బయటి గోడకూ అంచుకూ మధ్య పక్కచోటు పెరగాలి, తగ్గకూడదు. లింకుల కొసల్లోని బుష్‌లు (రబ్బరు తొడుగులు) మెత్తగా ఉంటే అవి కూడా యాక్సిల్‌ను లోపలివైపుకే జరగనిస్తాయి. కనుక లూపులో మీరు విన్న శబ్దం అంచుది కాకపోవచ్చు. అదే వాలులో చక్రపు గూడు లోపలి గోడ టైరు లోపలి భుజం వైపుకు అదే 12 మిల్లీమీటర్లు జరుగుతుంది. అక్కడ వెతకండి. నిజంగా అంచు తగిలేది కుడి వైపుకు యూ మలుపు తిరిగేటప్పుడై ఉండాలి. అప్పుడు కుడి అంచు లోపలికి వస్తుంది.

అంబత్తూరు కోబ్రా · ఆదివారం, సాయంత్రం 7.10

గ్రైండరు ముట్టుకోలేదు. మీరిద్దరూ చెప్పినట్టే చేశాను, ఫలితం చూసి నాకే సిగ్గేసింది.

స్పీడ్ బ్రేకరు మీద బయటి గోడ సుద్ద చెరిగింది. కుడికి యూ మలుపులోనూ అదే చెరిగింది. కత్తిపారా లూపులో మాత్రం బయటి సుద్ద చెక్కుచెదరలేదు. లోపలి భుజం మీది నీలం సుద్దలో గీత గీసినట్టు సన్నని చార పడింది. చక్రం విప్పి చూస్తే, పెట్రోలు ట్యాంకు పట్టీని బిగించిన బోల్టు తోక చక్రపు గూటిలోకి 12 మిల్లీమీటర్లు పొడుచుకొని ఉంది. దాని కొస మెరుస్తోంది. టైరు భుజం మీద గోరుతో గీరినంత లోతున గాడి కూడా పడింది. నేను అంచు కోసేసి ఉంటే సగం శబ్దం పోయేది, టైరును కోసే బోల్టు మాత్రం అలాగే ఉండిపోయేది.

తూకపు గుండు వేలాడదీసి అంచుకూ టైరు గోడకూ మధ్య దూరం కొలిచాను. ఎడమవైపు 19 మిల్లీమీటర్లు, కుడివైపు 5.

లేత్ మూర్తి · ఆదివారం, రాత్రి 7.45

ముందుగా ఆ బోల్టు సంగతి చూసి, తరువాతే కారు బయటికి తీయండి. తోక కోయడం కాదు, బోల్టును తిప్పి వేయండి. తల చక్రం వైపు, నట్టు ట్యాంకు వైపు ఉండాలి. తల గుండ్రంగా ఉన్నది దొరికితే ఇంకా మంచిది. భుజం మీది గాడిలో దారపు పోగు కనిపిస్తే ఆ టైరు పనికిరాదు.

పక్కచోట్ల తేడా 14 అంటే యాక్సిల్, బాడీ ఒకదానికొకటి 7 మిల్లీమీటర్లు పక్కకు తప్పాయన్నమాట. ఇందులో యాక్సిల్ తప్పు ఎంత, బాడీ తప్పు ఎంత అనేది విడదీయాలి. ఛాసిస్ పట్టాల నుంచి రెండు వైపులా బ్రేకు డ్రమ్ముల దాకా కొలవండి. అలాగే ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్యకు రెండు వైపులా దారం కట్టి కొలవండి. అసలు కోబ్రా ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2286 మిల్లీమీటర్లు, మీది ఎంత వచ్చినా ఫరవాలేదు, రెండు పక్కలా ఒకటే రావాలి.

పీణ్యా పానా · ఆదివారం, రాత్రి 9.20

బెంగళూరు నుంచి రాస్తున్నాను. నా దగ్గరున్నది వేరే రెప్లికా, గొడవ మాత్రం ఇదే. నాలుగు నెలలు టైర్లనూ రిమ్ములనూ తిట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, ముందు యజమాని కారును కిందికి దించాడు గానీ పాన్‌హార్డ్ రాడ్‌ను ముట్టుకోలేదు. రాడ్ ఒక కొస ఛాసిస్‌కు, మరో కొస యాక్సిల్‌కు ఉంటుంది కనుక కారు ఎత్తు మారితే యాక్సిల్ పక్కకు జరగక తప్పదు. నాకు పీణ్యాలో ఒక వెల్డింగు మేస్త్రీ సర్దుబాటు రాడ్ చేసిచ్చారు: ఒక కొసన కుడి మర, మరో కొసన ఎడమ మర, మధ్యలో గొట్టం. గొట్టాన్ని తిప్పితే పొడవు మారుతుంది, కారు కింద పడుకునే సర్దుకోవచ్చు. మీ రాడ్ పొడవెంత, ఏ వాలులో ఉంది?

అంబత్తూరు కోబ్రా · సోమవారం, రాత్రి 8.30

రాడ్ పొడవు 620 మిల్లీమీటర్లు. ఛాసిస్ కొస ఎడమవైపు, యాక్సిల్ కొస కుడివైపు ఉన్నాయి. ఇప్పుడు యాక్సిల్ కొస 25 మిల్లీమీటర్లు కిందికి ఉంది. ముందు యజమానికి ఫోన్ చేస్తే, వెనుక భాగాన్ని 45 మిల్లీమీటర్లు దించానని సంతోషంగా ఒప్పుకున్నారు.

ఛాసిస్ నుంచి కొలిస్తే యాక్సిల్ 3 మిల్లీమీటర్లు కుడికి ఉంది. మిగిలిన 4 బాడీవి. ఫైబరు గుల్లే ఛాసిస్ మీద ఎడమకు కూర్చుంది. దారం కొలతలో కుడివైపు చక్రాల మధ్య దూరం ఎడమ కన్నా 3 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది.

స్ప్రింగుల శాస్త్రి · సోమవారం, రాత్రి 9.15

మీ కొలతలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. కారు దించకముందు యాక్సిల్ కొస 70 మిల్లీమీటర్లు కింద ఉండేది, ఇప్పుడు 25. వాలు తగ్గేకొద్దీ రాడ్ అడ్డపు పొడవు పెరిగి యాక్సిల్‌ను ఛాసిస్ కొసకు దూరంగా, అంటే మీ కారులో కుడికి నెడుతుంది. 70 వర్గం నుంచి 25 వర్గం తీసి, రాడ్ పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 3.4 మిల్లీమీటర్లు వస్తుంది. మీరు కొలిచిన 3కు ఇది దగ్గరే.

అయితే పీణ్యా వారు చెప్పినదాంట్లో ఒక సంగతి స్పష్టం కావాలి. ఇప్పటి ఎత్తు నుంచి చక్రం మరో 25 మిల్లీమీటర్లు పైకి లేచినా ఈ రాడ్ యాక్సిల్‌ను జరిపేది అర మిల్లీమీటరే. గుంతల్లో తగలడానికి రాడ్ ఊపు కారణం కాదు, నిలిచి ఉన్నప్పుడే యాక్సిల్ తప్పుచోట ఉండడం కారణం. అందుకని ఖరీదైన కొత్త లింకేజీలు అవసరం లేదు. ఛాసిస్ మీద చోటు ఉంటే రాడ్‌ను పొడవు చేసి, ఇద్దరు కూర్చున్న ఎత్తులో అది నేలకు సమాంతరంగా ఉండేలా కొత్త బ్రాకెట్టు పెడితే చాలు.

వేళచ్చేరి వేగం · సోమవారం, రాత్రి 9.40

అయితే యాక్సిల్‌ను బాడీకి మధ్యలో పెట్టాలా, ఛాసిస్‌కు మధ్యలో పెట్టాలా?

లేత్ మూర్తి · సోమవారం, రాత్రి 10.05

మంచి ప్రశ్న అడిగారు. నా పాత పద్ధతిలో అయితే ఛాసిస్‌కే మధ్యలో పెట్టాలి, బాడీ అనేది చొక్కా లాంటిది. చొక్కా వంకరగా ఉందని నడుము జరుపుకోము కదా.

పీణ్యా పానా · సోమవారం, రాత్రి 10.20

మూర్తి గారంటే గౌరవమే గానీ ఇక్కడ ఒప్పుకోలేను. వెనుక చక్రాల జత రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు ఉన్నంత మాత్రాన స్టీరింగులో ఎవరికీ తెలియదు. చేతికి తెలిసేది యాక్సిల్ మెలి. కుడి చక్రం ఎడమ దాని కన్నా 3 మిల్లీమీటర్లు ముందు ఉందంటే కారు తిన్నగా పోవడానికి స్టీరింగు కొద్దిగా పట్టుకునే ఉండాలి. దాన్ని కింది లింకుల మరలతో సరిచేసి, పక్కచోటును మాత్రం బాడీని బట్టి సర్దడమే తెలివైన పని.

స్ప్రింగుల శాస్త్రి · మంగళవారం, ఉదయం 7.30

పీణ్యా వారి మాటే నాకు సబబుగా ఉంది. కానీ ఒక హెచ్చరిక. యాక్సిల్‌ను ఎడమకు జరిపితే కుడి టైరు లోపలి భుజం ఆ బోల్టు వైపుకు అంతే దగ్గరవుతుంది. బయటి రాపిడి మానిపోయి లోపలి రాపిడి ముదురుతుంది. బోల్టు తిప్పి వేసిన తరువాత లోపల ఎంత చోటు మిగిలిందో కొలవకుండా రాడ్ పొడవు నిర్ణయించకండి.

ఇంకొకటి. స్ప్రింగులు విప్పేసి, యాక్సిల్‌ను జాకీ మీద పైకీ కిందికీ నడిపి చూడాలి. ఛాసిస్ కింద నాలుగు స్టాండ్లు పెట్టాకే ఈ పని చేయండి, జాకీని నమ్మి కారు కింద దూరవద్దు. చక్రపు గూటి లోపల నాలుగైదు చోట్ల చపాతీ పిండి ముద్దలు అతికించండి. పిండి నొక్కుకుపోయాక ఎంత మందాన మిగిలిందో అదే అక్కడ మిగిలిన చోటు. బంకమట్టి కన్నా ఇది శుభ్రం, ఇంట్లో అడిగి తీసుకుంటే గొడవ కూడా ఉండదు.

వెనుక బరువెంతో, షాక్ అబ్జార్బరు ఏ కోణంలో వాలి ఉందో, స్ప్రింగు మీద ఏ అంకె ముద్రించి ఉందో కూడా చెప్పండి.

గిండీ కుర్రోడు · మంగళవారం, ఉదయం 9.00

ఈ మార్పులన్నీ చట్టం ఒప్పుకుంటుందా? ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది కదా.

మోడరేటర్ · మంగళవారం, ఉదయం 9.25

అవసరమైన ప్రశ్నే. రెప్లికాల రిజిస్ట్రేషను గురించి వేరే చర్చ నడుస్తోంది, దయచేసి అక్కడ అడగండి. ఇక్కడ టైరు, సస్పెన్షన్ మాటలే సాగనివ్వండి.

అంబత్తూరు కోబ్రా · గురువారం, రాత్రి 9.50

వేబ్రిడ్జి మీద వెనుక చక్రాలు మాత్రమే ఎక్కించి తూచాను. నాతో కలిపి 570 కిలోలు. షాక్ అబ్జార్బరు నిలువు నుంచి 25 డిగ్రీలు లోపలికి వాలింది. స్ప్రింగు మీద 125 అని ఉంది, అంగుళానికి పౌండ్లలో కావచ్చు. షాక్ అబ్జార్బరు మొత్తం నడక (కదలగలిగే దూరం) 110 మిల్లీమీటర్లు. నేను కూర్చున్నప్పుడు లోపలికి పోవడానికి 55 మిగిలి ఉంది. యాక్సిల్ మీద రెండు స్ప్రింగుల మధ్య దూరం 900, ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1370.

పిండి పరీక్షలో కొత్త విషయం బయటపడింది. కుడివైపును 24 మిల్లీమీటర్లు ఎత్తి ఎడమవైపును అంతే దించితే బయటి అంచు చోటు 5 నుంచి 15కు పెరిగింది. శాస్త్రి గారి లెక్క కళ్ళారా చూశాను. రెండు వైపులా కలిపి నిలువుగా ఎత్తితే మాత్రం 48 మిల్లీమీటర్ల దగ్గర టైరు నడి పట్టీ గూటి పైకప్పుకు తగిలింది. అప్పటికి షాక్ అబ్జార్బరు ఇంకా మూసుకోలేదు. బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే మెత్తని దిమ్మ) ఉండవలసిన చోట రెండు నలుసుల పసుపు స్పాంజి పొడి తప్ప ఏమీ లేదు. మా ఆవిడ పక్కన కూర్చున్నప్పుడు పెద్ద స్పీడ్ బ్రేకర్ల దగ్గర వచ్చే ధనామనే చప్పుడు ఇదేనన్నమాట.

స్ప్రింగుల శాస్త్రి · శుక్రవారం, ఉదయం 6.45

ఇప్పుడు చిత్రం పూర్తయింది. కాస్త ఓపికగా చదవండి.

570లో యాక్సిల్, చక్రాలు, బ్రేకులు కలిపి 130 తీసేస్తే ఒక్కో స్ప్రింగు మోసేది 220 కిలోలు. 125 పౌండ్ల స్ప్రింగు అంటే మిల్లీమీటరుకు 22 న్యూటన్లు. 25 డిగ్రీల వాలు వల్ల చక్రం దగ్గర అది 18కి పడిపోతుంది. దీని మీద కారు సెకనుకు 1.4 సార్లు ఊగుతుంది. ఇది మెత్తని కుటుంబ కారు లక్షణం, చక్రానికి ఐదు అంగుళాల నడక ఉన్న బండికైతే సరిపోతుంది. మీకు పైకప్పు దాకా ఉన్నది 48 మిల్లీమీటర్లే. పక్క సీటులో మనిషి కూర్చుంటే వెనుక ఒక్కో చక్రం మీద 30 కిలోలు పెరిగినా 16 మిల్లీమీటర్లు అక్కడే ఖర్చయిపోతాయి.

200 పౌండ్ల స్ప్రింగు, అంటే 35 న్యూటన్లది వేయండి. చక్రం దగ్గర 28.7 వస్తుంది, ఊపు 1.8 అవుతుంది, పక్క మనిషి వల్ల కుంగేది 10 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఇంకా గట్టిది వద్దు, మన రోడ్ల మీద నడుము పోతుంది. మలుపులో వాలడం విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. గట్టి యాక్సిల్ మీద స్ప్రింగులు చక్రాల కన్నా లోపలికి ఉంటాయి కనుక వాలును ఆపే బలం 900ను 1370తో భాగించి వర్గం చేసినంత, అంటే నూటికి 43 వంతులే చక్రాలకు అందుతుంది.

రింగును తిప్పి ఎత్తమన్న వేగం గారి సలహా సగం సరైనదే. రింగు తిప్పితే కారు లేస్తుంది, స్ప్రింగు గట్టిదనం మాత్రం మారదు, పైగా చక్రం కిందికి దిగే నడక తరిగిపోతుంది. కొత్త స్ప్రింగుతో వెనుక భాగాన్ని 10 మిల్లీమీటర్లు ఎత్తండి, చాలు. అప్పుడు పైకప్పు దాకా 58 మిల్లీమీటర్లు, షాక్ అబ్జార్బరులో 64 మిగులుతాయి. 35 మిల్లీమీటర్ల స్పాంజి రకం యూరేథేన్ బంప్ స్టాప్, దాని మీద 6 మిల్లీమీటర్ల గట్టి వాషరు వేయండి. ఆ రకం స్టాప్ నొక్కుకుపోయి మూడో వంతు మందానికి వస్తుంది. చక్రం 25 మిల్లీమీటర్లు లేచాక అది మెల్లగా అడ్డుపడడం మొదలుపెట్టి, 51 దగ్గర పూర్తిగా ఆపేస్తుంది. పైకప్పుకు ఇంకా 7 మిల్లీమీటర్లు ఉంటుంది. మొద్దు రబ్బరు ముక్క పెట్టకండి, అది సగం వరకే నొక్కుకుంటుంది, తగిలినప్పుడల్లా వెనుక భాగం ఎగిరిపడుతుంది.

స్ప్రింగు గట్టిపడిందంటే, అది తిరిగి విచ్చుకునే వేగాన్ని పట్టి ఉంచే షాక్ అబ్జార్బరు సర్దుబాటును కూడా రెండు మూడు క్లిక్కులు పెంచవలసి ఉంటుంది. అది నడిపి చూసి తేల్చుకోండి.

నెల్లూరు చక్రం · శుక్రవారం, ఉదయం 10.10

నా 225 సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. బోల్టుకు రాసుకుంటున్న టైరు స్థానంలో కొత్త టైరు అమ్మి పంపించి ఉంటే, ఆరు నెలల్లో మళ్ళీ నా దగ్గరికే వచ్చేవారు. వ్యాపారానికి మంచిదే, పాపం ఎవరికి?

ఫైబర్ గీత · శుక్రవారం, మధ్యాహ్నం 2.30

ఆలస్యంగా చూశాను. మా పని ఫైబరు అచ్చులు, బాడీలు. ఇంత సర్దినా అంచు కొంత తీయవలసి వస్తుందని నాకు అనిపిస్తోంది కనుక ఎలా తీయాలో చెబుతాను.

ఇనుప మడ్‌గార్డు అంచును వేడి చేసి రోలరుతో లోపలికి మడవవచ్చు. ఫైబరుతో అలా కుదరదు, పగుళ్ళు పడతాయి, అవి ఆరు నెలల తరువాత రంగు మీద సాలెగూడులా పైకి తేలుతాయి. లోపలికి తిరిగిన ఆ అంచు అలంకారానికి కాదు, పలుచని గుల్లకు బలమంతా అదే. మీ అంచు 14 మిల్లీమీటర్లు తిరిగి ఉంటే సగం వరకే తీయండి. తీయకముందే అంచుకు లోపలి పక్కన, టైరు రాని ఎత్తులో, గరుకు కాగితంతో పాత పొరను గీరి, చదరపు మీటరుకు 450 గ్రాముల గ్లాస్ మ్యాట్ రెండు పొరలు రెసిన్‌తో పరిచి బలం ఇవ్వండి. అది గట్టిపడిన మరునాడు కోయండి. ముందు కోసి తరువాత బలం ఇద్దామనుకుంటే, ఆ మధ్యలో అంచు ఊగి బాడీ ఆకారమే మారిపోతుంది.

చెన్నై ఎండలో, రెసిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్టును నూటికి ఒక వంతుకు మించి కలపకండి, గిన్నెలోనే గడ్డకడుతుంది. ఉదయం పూట నీడలో చేయండి. క్యాటలిస్టు కంట్లో పడితే చూపే పోవచ్చు, అద్దాలు తప్పనిసరి. కోబాల్టును (గట్టిపడే వేగం పెంచే ద్రవం), క్యాటలిస్టును నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ పోయవద్దు, పేలుతుంది. కోబాల్టు ముందే కలిపిన రెసిన్ కొనుక్కుంటే ఆ భయమే ఉండదు. మీరు చేయలేకపోతే కాశిమేడు రేవులో ఫైబరు పడవలు బాగుచేసే మేస్త్రీలను అడగండి. కార్ల షాపుల వారికన్నా వారి చెయ్యి చాలా నయం. ఉప్పు నీటిలో తేలేదాన్ని చేసేవాళ్ళు మీ అంచును నిలబెట్టలేరా?

అంబత్తూరు కోబ్రా · మూడు వారాల తరువాత, ఆదివారం

పని పూర్తయింది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బోల్టు తిప్పి వేశాను. టైరు గాడిలో పోగు కనిపించలేదు గానీ, నమ్మకం చాలక ఆ టైరును మార్చేశాను. కింది లింకులు సర్ది రెండు వైపులా చక్రాల మధ్య దూరాన్ని అర మిల్లీమీటరు తేడాలోకి తెచ్చాను. పాన్‌హార్డ్ రాడ్‌కు చోటు చూసుకుంటే 860 మిల్లీమీటర్లు కుదిరింది. గొట్టం, మరలు అంబత్తూరు ఎస్టేటులోనే చేయించాను, రాడ్ ఎండ్లు (కొసల కీళ్ళు) మాత్రం పుదుప్పేట్టై విడిభాగాల బజారులో వెతికి వెతికి కొన్నాను. యాక్సిల్‌ను 5 మిల్లీమీటర్లు ఎడమకు తెచ్చాను. మూర్తి గారి మాట కూడా పూర్తిగా కాదనలేక, బాడీ వెనుక బోల్టులు వదులు చేసి చొక్కాను కుడికి సర్దబోయాను. ఒక్క మిల్లీమీటరు జరిగేసరికి కుడి తలుపు గట్టిగా పట్టేసింది, అక్కడితో ఆపాను. ఇప్పుడు ఎడమ 13, కుడి 11. లోపలి భుజం నుంచి బోల్టు తలకు, బాడీ పూర్తిగా వాలినప్పుడు కూడా 8 మిల్లీమీటర్లు ఉంది.

స్ప్రింగులు, స్టాపులు శాస్త్రి గారు చెప్పినవే వేశాను. మొదటి రోజు విచ్చుకునే సర్దుబాటును నాలుగు క్లిక్కులు పెంచితే, వరుస గుంతల్లో వెనుక భాగం క్రమంగా కుంగిపోతున్నట్టు అనిపించింది. రెండుకు తగ్గిస్తే కుదిరింది. కత్తిపారా లూపు నిశ్శబ్దంగా ఉంది. గీత గారు చెప్పినట్టు లోపల మ్యాట్ పరిపించి, కుడి అంచు 6 మిల్లీమీటర్లు మాత్రమే తీయించాను. ఎడమది ముట్టుకోలేదు. కాశిమేడు మేస్త్రీ ఆ కారును చూసి, దీనికి మోటారు ఎక్కడ తగిలిస్తారని అడిగాడు.

ఒక్కటి మిగిలింది. ట్యాంకు నిండా పెట్రోలు, పక్కన మనిషి ఉంటే, మా వీధి మొదట్లో అనుమతి లేకుండా వేసిన ఆ ఎత్తైన స్పీడ్ బ్రేకరు మీద స్టాపు పూర్తిగా నొక్కుకుని ఒక మొద్దు చప్పుడు వస్తోంది. పిండి పెట్టి చూశాను, టైరు తగలడం లేదు, పిండి 4 మిల్లీమీటర్ల మందాన మిగిలింది.

స్ప్రింగుల శాస్త్రి · ఆదివారం, రాత్రి 8.20

అది టైరు చప్పుడు కాదు, స్టాపు తన పని తాను చేస్తున్న చప్పుడు. అలాగే ఉండనివ్వండి. దాన్ని పోగొట్టాలని స్ప్రింగు ఇంకా గట్టిది వేస్తే మిగిలిన రోడ్లన్నింటి మీదా శిక్ష మీకే.

లేత్ మూర్తి · సోమవారం, ఉదయం 6.05

చొక్కా ఒక్క మిల్లీమీటరైనా జరిపావు, సంతోషం నాయనా. చిన్నప్పుడు షోళవరం రన్‌వే మీద పందేలు చూడటానికి వెళ్ళినప్పుడు, పందెం ముగిసిన కార్ల కింద మొదట తల దూర్చేవాడు పానా పట్టుకుని లాక్ నట్లు చూసేవాడే. నువ్వూ 500 కిలోమీటర్లు తిరిగాక ఆ రాడ్ కొసల లాక్ నట్లు ఒకసారి పట్టి చూడు. రాడ్ తిరిగిపోతే ఈ కొలతలన్నీ పోతాయి. నట్టు మీద, గొట్టం మీద కలిపి ఒక పెయింటు గీత గీసి ఉంచు, వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది.

అంబత్తూరు కోబ్రా · పది రోజుల తరువాత, బుధవారం

మూర్తి గారూ, మహాబలిపురం దాకా రెండుసార్లు వెళ్ళివచ్చి ఇవాళ చూశాను. యాక్సిల్ వైపు లాక్ నట్టు పావు చుట్టు వదులైంది, గీత విరిగి కనిపించింది. రాడ్ ఇంకా తిరగలేదు, కుడివైపు చోటు 11 అలాగే ఉంది. బిగించి, కొత్త గీత గీశాను.